వదిన ఏరి తెచ్చిన మిషను

సమాధి దగ్గర పాస్టరు గారు మా వదినను, మా ఆయన అక్కను, శాంతమూర్తి అన్నారు. తమ్ముడి నీడన ఉండి, తమ్ముడి పనిలో చేదోడుగా నిలిచి, ఏనాడూ గొంతెత్తకుండా బతికిన సాత్వికురాలు అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. పాస్టరు గారు ఊరికి కొత్త, ఆమెను బాగా ఉన్నప్పుడు చూడనే లేదు. ఎవరో రాసిచ్చిన కాగితం చదివారు. రాసిచ్చింది మా ఆయనే. ముందురోజు పొద్దున కళ్లద్దాలు పెట్టుకుని బల్ల దగ్గర కూర్చుని రాయడం నేను చూశాను.

పిడికెడు మట్టి వేసి, చివరి ప్రార్థనకు ఆగకుండా ఇంటికి వచ్చేశాను. వచ్చినప్పటి నుంచీ ఒళ్లు మండుతూనే ఉంది. శాంతమూర్తి అట! నేను ఎరిగిన మనుషుల్లో అంత కోపం ఉన్న మనిషి ఇంకొకరు లేరు. ఆ కోపంలో ఒక్క పిసరు కూడా అన్యాయమైంది కాదు. దాన్ని కూడా ఆమెతోపాటు పూడ్చేస్తుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు.

మాది సూళ్లూరుపేట. పందొమ్మిది వందల యాభైల చివర్లో నేను పెళ్లై ఆ ఇంటికి వచ్చేసరికి ఇంటి పెరడు మద్రాసు రోడ్డు దాకా ఉండేది. పెరట్లో పొడవాటి తాటాకుల కొట్టం. అందులో కార్లకు, వ్యాన్లకు రేకుపని చేసేవాళ్లు. సొట్టలు తీయడం, తుప్పు తిన్నచోట కోసి అతుకు వేయడం, లప్పం పెట్టి పూడ్చడం, అరగదీసి నునుపు చేయడం, చివరికి రంగు కొట్టడం. పులికాటు ఉప్పుగాలికి ఏ బండి రేకూ నాలుగేళ్లు నిలిచేది కాదు. ఐసు, చేపలు మోసే వ్యాన్లయితే మరీ ఘోరం, అడుగున చెయ్యి పెడితే అప్పడంలా విరిగేది. పనికి కొదవ లేదు.

సుత్తి పని, రంగు పని మా ఆయన చేసేవారు. ఆ రెంటి మధ్య జరిగేదంతా వదినదే. ఆమె మా ఆయనకు పెద్దక్క. ఆమె పెళ్లి సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కారు, నేనూ ఇక్కడ ఎత్తను. మా మామగారు బతికుండగా ఆమెకే పని నేర్పారట. కొడుక్కి ఓపిక లేదని ఆయనకు ముందే తెలుసనుకుంటాను.

నేను కాపురానికి వచ్చిన వారానికే నన్ను కొట్టంలోకి పిలిచింది. ఒక కారు తలుపు బల్ల మీద పడుకోబెట్టి ఉంది. తన పైటకొంగు నా అరచేతి కింద పరిచింది.

"కళ్లు మూసుకోని నిమురు. గుంత యాడుందో చెప్పు."

చూస్తే ఎక్కడా గుంత లేదు. కళ్లు మూసుకుని గుడ్డ మీదుగా నిమిరాను. తలుపు గడియకు జానెడు కింద, నీళ్లలో కాలు జారినట్టు, చెయ్యి కొంచెం కిందకి దిగింది. అక్కడ వేలు పెట్టాను. ఆమె మెచ్చుకోలేదు. నా చేతిలో రేకు రుద్దే గరుకు ఉప్పుకాగితం తడిపి పెట్టి ఎదురుగా కూర్చోమంది. ఆ రోజు నుంచి ఆ కొట్టంలో అరగదీసే చేతులు నాలుగయ్యాయి.

ఆమెకు కోపం వస్తే బకెట్టులో నీళ్లు మార్చేది. ఎవరైనా ఆమె పనిని తమ్ముడి పనిగా పొగిడితే, పొద్దుననే తెచ్చుకున్న నీళ్లైనా సరే, బకెట్టు ఎత్తుకుపోయి గేటు బయట కుమ్మరించి, బావి దగ్గర మళ్లీ తోడుకుని వచ్చేది. ఒక్క మాట అనేది కాదు. కొన్ని రోజుల్లో పది బకెట్లు. బయటివాళ్లు దాన్ని శుభ్రత అనుకునేవాళ్లు. గేటు ముందు ఎప్పుడూ ఆరని ఆ బురదను చూస్తే చాలు, ఆ ఇంట్లో ఏం జరుగుతోందో తెలిసిపోయేది. చూసే కళ్లుంటే కదా.

తడి కాగితంతో ఏళ్ల తరబడి రుద్దితే రేకుతోపాటు వేళ్లూ అరుగుతాయి. ఒకసారి ఇంటి స్థలం కాగితాల మీద ఆమె సంతకంతోపాటు వేలిముద్ర కూడా కావలసి వచ్చింది. రిజిస్ట్రారు ఆఫీసులో గుమస్తా ఆమె బొటనవేలికి సిరా పూసి అద్దాడు. నల్లటి మరక తప్ప గీత లేదు. మళ్లీ అద్దాడు. మళ్లీ మరకే. మూడోసారి విసుక్కుని, వేలు సరిగ్గా తుడుచుకుని రావచ్చు కదా అన్నాడు. ఆమె వేలు అతని మొహం ముందు పెట్టి, "తుడిచేదానికి ఏం మిగల్లా" అంది. ఇంటికి వచ్చాక నా వేళ్లు కూడా తిప్పి చూసింది. అప్పటికే నా చూపుడువేలు నున్నబడుతోంది. ఆ సాయంత్రమే తమ్ముడితో చెప్పింది, అరగదీసేదానికి మిషను కొనాలని.

మా ఆయన ముందు కరెంటుతో నడిచేది ఒకటి ఎవరి దగ్గరో అడిగి తెచ్చారు. కొట్టంలో నేలంతా తడి. వదిన మీట నొక్కిన మరుక్షణం షాకు కొట్టి వెనక్కి పడింది. వారం రోజులు కుడిచెయ్యి మొద్దుబారిపోయింది. అప్పుడు తేలింది, నీళ్లతో పనిచేసే చోట గాలి మిషనే దిక్కని. దానికి కరెంటు తీగ చేతి దాకా రాదు. గాలి ట్యాంకు ఎక్కడో దూరంగా ఉంటుంది, రబ్బరు గొట్టంలో గాలి వచ్చి మిషనును ఆడిస్తుంది. రంగు కొట్టడానికి మా దగ్గర ఒక చిన్న గాలి ట్యాంకు ఎట్లాగూ ఉంది. ఇక కొనాల్సింది మిషను ఒక్కటే.

ముగ్గురం మద్రాసు వెళ్లాం. వదిన గుడ్డసంచిలో ఒక పాత మడ్‌గార్డు ముక్క చుట్టి తెచ్చుకుంది. రైల్లో ఎవరో అదేమిటని అడిగితే, "పెళ్లిచూపులకి పోతా ఉండాం" అంది. ఆమె అంత హుషారుగా ఉండటం నేను చూసింది అదొక్కసారే.

అంగడివాడు రెండు మిషన్లు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి చాలా బరువు, కొసన అన్నం పళ్లెమంత చక్రం, చక్రానికి గుండ్రటి ఉప్పుకాగితం. గాలి వదిలితే అంగడంతా అదిరింది. రెండోది అరచేతిలో ఇమిడేది. అడుగున చదునైన పలక, దానికి కాగితం చుట్టి బిగించాలి. అది తిరగదు, ఉన్నచోటే సన్నగా వణుకుతుంది. మా ఆయన కళ్లు పెద్దదాని మీదే నిలిచాయి. వదిన రెండింటినీ ఎత్తి చూసి, ఏది ఎంత గాలి తాగుద్దని అడిగింది. అంగడివాడు ఆమెకు కాకుండా మా ఆయనకు జవాబు చెప్పాడు, ఏదైనా ఏ ట్యాంకు మీదైనా నడుస్తుందని.

ఆ అంగట్లో ట్యాంకు మనిషెత్తు ఉంది. మాది ఆమె నడుము దాకా కూడా రాదు. అందుకని ఒక పని చేయమంది. ట్యాంకుకు గాలి కొట్టే మోటారు ఆపి, గాలి కొలిచే ముల్లు సగానికి దిగాక, ఉన్న గాలితోనే రెండింటినీ నడిపి చూపించమంది. అంగడివాడు నవ్వుతూ ఒప్పుకున్నాడు. ఆమె పెదాలు కదుపుతూ ప్రభువు ప్రార్థన చెప్పుకుంది, అదే ఆమె గడియారం. పెద్దది ప్రార్థన సగం కాకముందే నీరసించి ఆగిపోయింది. మళ్లీ అదే ముల్లు దాకా గాలి నింపించి చిన్నది నడిపించింది. ఆమె ఆమెన్ అన్నాక కూడా అది వణుకుతూనే ఉంది.

తర్వాత మడ్‌గార్డు ముక్క తీసి ఒక వైపు పెద్దదాన్ని, ఇంకో వైపు చిన్నదాన్ని తనే ఆడించింది. పైటకొంగు వేసి నిమిరింది. తమ్ముణ్ణి కూడా నిమరమంది. నలుగురిలో ఆయన చెయ్యి పెట్టలేదు. అప్పుడు నా వైపు తిరిగింది.

"నువ్వు చెయ్యి పెట్టి చెప్పు."

పెట్టాను. పెద్దది ఆడినవైపు రేకు కాలుతోంది, వేడికి మధ్యలో ఉబ్బింది, అంచుల్లో కొడవలి గీతల్లా గాట్లు. చిన్నది ఆడినవైపు పసిబిడ్డ వీపులా ఉంది. కళ్లు మూసుకోనక్కర్లేదు, ఎవరికైనా తెలుస్తుంది. అంగడివాడు చూస్తున్నాడు. మా ఆయన చూస్తున్నారు.

"నాకేం తెలుసు వదినా" అన్నాను.

ఆమె నా చేతి కింది నుంచి కొంగు లాక్కుంది. అంగడివాడు మా ఆయన్ని అడిగాడు, ఇంతకీ పనిచేసేది మీరా, ఆమెనా అని. మా ఆయన ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. "నేనే" అన్నారు. ఇంట్లో ఆడవాళ్లు బండి రేకులు రుద్దుతారని చెప్పుకోవడం ఆయనకు నామోషీ. పెద్దదే కొన్నారు. నామోషీ అనే మాట ఆయన తరఫున నేను ఇన్నేళ్లు చెప్పుకుంటూ వచ్చాను. ఈరోజు చెప్పను. అది అబద్ధం, అంతే. నేనన్నదీ అబద్ధమే.

తిరుగు రైల్లో ఆమె గుమ్మిడిపూండి దాకా మడ్‌గార్డు ముక్కను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత కిటికీలోకి చూస్తూ, "రుద్దేది నేను. అడిగింది వాణ్ణి" అంది.

పెద్ద మిషనుతో మొదటి పని గూడూరు నుంచి వచ్చిన ఒక డాక్టరు గారి కారు. తలుపు మీద లప్పం ఆరాక, తన మిషను పనితనం చూపించాలని మా ఆయన తానే పట్టుకున్నారు. మా చిన్న ట్యాంకు దానికి చాలలేదు. కాసేపు తిరుగుతుంది, చక్రం మందగిస్తుంది, ఈయన బలంకొద్దీ ఒత్తుతారు, ఇంతలో గాలి నిండి చక్రం ఒక్కసారిగా ఎగురుతుంది. లప్పం పోయింది, పాత రంగు పోయింది, కింది రేకు నీలం తిరిగింది. చివరికి తలుపు మధ్యలో అర్ధరూపాయంత చిల్లి పడింది.

అప్పుడే డాక్టరు గారు కారు చూసుకోవడానికి వచ్చారు. మా ఆయన మిషను కింద పెట్టి చేతులు తుడుచుకుంటూ, "మా అక్క చేసిందండీ. ఆడచెయ్యి గదా" అన్నారు.

వదిన మూడడుగుల దూరంలో బకెట్టు పట్టుకుని నిలబడి ఉంది. డాక్టరు గారు మర్యాదస్తుడే, అందుకే ఇంకా ఘోరం. ఆడవాళ్లు ఇలాంటి పనుల జోలికి రాకూడదమ్మా అని మెత్తగా మందలించారు. ఆమె ఆయన్ని చూసి, "నేను చేసుంటే ఇట్ట ఉండదు" అంది. ఆయన ఆమె మాటకు ఆమెవైపు చూడలేదు, నిజమేనా అన్నట్టు మా ఆయన వైపు చూశారు. మా ఆయన తల అడ్డంగా ఊపారు. నేను గడపలో నిలబడి ఉన్నాను. నాకు నోరుంది. తెరవలేదు.

ఆమె నీళ్లు పారబోసి వచ్చింది. ఎనిమిది రోజులు ఆ తలుపు తప్ప ఇంకేదీ ముట్టలేదు. కాలిన రేకు కోసింది, అతుకు వేయించింది, లప్పం పెట్టింది, తడి కాగితంతో రుద్దింది. వేళ్ల చివర్లు చిట్లి బకెట్టులో నీళ్లు ఎర్రబడ్డాయి. డాక్టరు గారు వచ్చి తలుపు నిమిరి ఆశ్చర్యపోయి మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు.

మర్నాడు ఉదయం వదిన పెద్ద మిషనును గోనెసంచిలో వేసుకుని చంకన ఎత్తుకుంది. యాడికక్కా అని మా ఆయన అడిగితే వినబడనట్టు గేటు దాటింది. ఒక్కతే రైలెక్కింది. పొద్దు గుంకక ముందే తిరిగొచ్చింది. చంకన చిన్న మిషను.

కొనుక్కుపోయి వాడిన వస్తువును అంగడివాడు ఎట్లా వెనక్కి తీసుకున్నాడో నాకు అర్థం కాలేదు. ఏం చేసినావు వదినా అని అడిగాను.

"అరిచినాను" అంది.

ఏమని, ఎంతసేపు, ఎవరి ముందు, ఏదీ చెప్పలేదు. గొంతెత్తని సాత్వికురాలు మద్రాసు వీధిలో నిలబడి అరిచి తన పనిముట్టు తను తెచ్చుకుంది. పాస్టరు గారి కాగితంలో ఈ ముక్క లేదు.

ఆ మిషనును ఆమె చూసుకున్న తీరు చెప్పాలి. పొద్దున్నే ట్యాంకు అడుగున ఉన్న చిన్న కుళాయి తిప్పి నీళ్లు దింపేది. మా గాలిలో తేమ ఎక్కువ, ట్యాంకులో నీరు పేరుకుంటుంది, అది గొట్టంలోకి వస్తే మిషను లోపల తుప్పే. తర్వాత గాలి పోయే రంధ్రంలో నాలుగు చుక్కల నూనె. ముక్కుకు తడిగుడ్డ కట్టుకోకుండా మీట నొక్కేది కాదు, నన్నూ నొక్కనిచ్చేది కాదు. పని చేస్తున్నప్పుడు మిషను మీద బరువు వేస్తే నా మణికట్టు మీద ఒకటి వేసేది. "ఒత్తబాక. దాని పని అది చేసుకుంటది" అనేది. చివరి నునుపు మాత్రం చేత్తోనే. కొంగు వేసి కళ్లు మూసుకుని నిమిరి, సరే అంటేనే ఆ రేకు రంగుకు వెళ్లేది.

ఏడాది గడిచాక ఒక మధ్యాహ్నం ఆమె పాత పేపరు ముందేసుకుని కూర్చుని ఉంది. రంగుకు ముందు పూసే ప్రైమరును బొటనవేలికి అంటించుకుని పేపరు అంచున అద్ది చూస్తోంది. దగ్గరికి వెళ్లి చూశాను. మరక మధ్యలో సన్నటి గీతలు, సున్నాలో సున్నా, సున్నాలో సున్నా. ఆమె ఆ పేపరు అంచంతా అద్దుకుంటూ పోయింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని నా వేలు కూడా అద్దింది. నాకూ వచ్చాయి. ఆ పేపరుతోనే ఆమె పొయ్యి రాజేసింది.

మా కొట్టం పేరు పైకి వచ్చింది. నెల్లూరు నుంచి కూడా బండ్లు వచ్చేవి. మా ఆయన కొత్త కథ మొదలుపెట్టారు. మద్రాసు మొత్తం గాలించి, పదింటిలో ఒకటి ఏరి ఈ మిషను తెచ్చానని వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. చెబుతూ చెబుతూ ఆయనే నమ్మేశారు. వదిన గేటు బయట నీళ్లు కుమ్మరించేది. నేను లోపలికి వెళ్లి అన్నం వార్చేదాన్ని.

అట్లా రెండు మూడేళ్లు. ఒకరోజు మనుబోలు నుంచి ఒకాయన వచ్చాడు. ఇంటి ముందు పందిరి వేసుకుని కార్ల రేకుపని మొదలుపెట్టాడట. మా మిషను గురించి విని, తనూ కొనుక్కోవాలని, ఏది కొనాలో అడుగుదామని బస్సెక్కి వచ్చాడు. తన ట్యాంకు ఎంతుందో చేత్తో చూపించాడు, మాదానంతే. మా ఆయన కుర్చీ వేయించి కూర్చోబెట్టి, చిన్న మిషను చూపించి, మన ఇంట్లో ఆడవాళ్లు ఊరికే ఉండలేక పట్టుకుంటుంటారని వాళ్ల చేతికి అందేలా ఇది తెచ్చానన్నారు.

"నువ్వు మొగోడివి. పెద్ద చక్రం మిషనే కొను" అన్నారు.

ఆ మనిషి నమ్మకంగా తలూపుతున్నాడు. అతని చేతులు చూశాను. మా చేతుల్లాగే ఉన్నాయి, వేళ్లు అరిగిపోయి.

నాకు ఏమైందో తెలియదు. మజ్జిగ గ్లాసు పట్టుకుని వచ్చిన దాన్ని, గ్లాసు ఇవ్వకుండా నిలబడి, "ఆ మాట అబద్ధం" అన్నాను. మిషను ఏరింది వదిన అన్నాను. పెద్దది కొన్నది ఈయన, దాంతో తలుపు చిల్లి పొడిచింది ఈయన, తిరిగి ఇచ్చేసి వచ్చింది వదిన, ఈ కొట్టంలో మేస్త్రీ వదిన అన్నాను. వరసగా అన్నీ చెప్పేశాను. మా ఆయన లోపలికి పొమ్మన్నారు. పోలేదు. మళ్లీ పొమ్మన్నారు. నేను అక్కడే నిలబడే ఉన్నాను.

వదిన బానెట్టు మీద నుంచి తలెత్తింది. ముక్కుకు కట్టుకున్న గుడ్డ కిందకి లాగింది. ఆమె మొహంలో ఏదో మెత్తదనం కనిపిస్తుందని ఆశపడ్డాను, ఎందుకు దాచాలి. అది లేదు. అంగట్లో కొంగు లాక్కున్నప్పటి మొహమే.

"ఇన్నాళ్లకా?" అంది నాతో.

అంతే. తర్వాత ఆ మనుబోలాయన వైపు తిరిగి, లేచి ఇట్రమ్మంది. అతన్ని నేల మీద కూర్చోబెట్టి, ట్యాంకు, ముల్లు, నూనె, నీళ్లు, కాగితం, అన్నీ ఒకటొకటిగా చెప్పింది. అతని చేతి కింద కొంగు పరిచి కళ్లు మూసుకోమంది. చిన్న మిషను పేరు, అంగడి గుర్తులు రాయించింది. అతను గంటసేపు విన్నాడు. మా ఆయన ఖాళీ కుర్చీ పక్కన నిలబడి, కాసేపటికి రోడ్డు మీదకి వెళ్లిపోయారు. ఆ తర్వాత నాతో పన్నెండు రోజులు మాట్లాడలేదు. వదిన అంతకంటే ఎక్కువ రోజులే మాట్లాడలేదు. నాకు వదిన మౌనమే బాధ.

నెల తిరక్కుండా ఆ మనుబోలాయన మళ్లీ వచ్చాడు. బస్సు మీద ఒక బానెట్టు కట్టుకొచ్చి, కూలివాడి చేత గేటు దాకా మోయించాడు. లప్పం ఎక్కడో పట్టడం లేదట, చూపించాలని. మా ఆయన ఎదురెళ్లి రమ్మన్నారు. అతను లోపలికి రాకుండా, మేస్త్రీ గారు ఉన్నారా అని అడిగాడు. నేనే గదా అన్నారు మా ఆయన. అతను ఇబ్బందిగా తల దించుకుని, "మీ అక్కగారండీ" అన్నాడు.

మిట్టమధ్యాహ్నం. మా ఆయన గేటు మీద నుంచి చెయ్యి తీశారు. తర్వాత కొట్టం వైపు తిరిగి, నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాక మొదటిసారి, నలుగురికీ వినబడేలా పిలిచారు. "అక్కా. నీ కోసం వచ్చినారు."

వదిన చేతిలో చిన్న మిషను ఆడుతోంది. ఒక కారు ముందుచక్రం మీది రెక్క సగం అయింది, సగం మిగిలింది. ఆమె తల తిప్పలేదు. మీట వదల్లేదు. అన్ని రోజుల తర్వాత నాతో మాట్లాడింది.

"ఉండమను."

నేను గేటు దాకా వెళ్లి, పని అయ్యేదాకా ఉండమంటోందని చెప్పాను. అతను సరేనమ్మా అని బానెట్టు నీడన చతికిలబడ్డాడు. మా ఆయన మాత్రం ఎండలో నిలబడే ఉన్నారు. నేను కొట్టంలోకి వచ్చి, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, ఆ రెక్కకు రెండో వైపు కూర్చున్నాను.